ఇక్కడిదాకా వచ్చాను

మధ్యాహ్నం ల్యాబులో సైదాబీ చెయ్యెత్తింది.
"సార్, ఏడో లైను దగ్గరే చచ్చిపోతోంది."

కిటికీ అవతల ఏటుకూరు రోడ్డు,
తెర మీద సెగ్మెంటేషన్ ఫాల్ట్ అన్న ఒక్క ముక్క.

ఏడో లైను కింద తనే రాసుకుంది,
ఇంగ్లీషు అక్షరాల తెలుగులో, ఒక ప్రింట్‌ఎఫ్:
ఇక్కడిదాకా వచ్చాను.
కనపడలేదు కాబట్టి రాలేదనుకుంది.
గంటన్నర నుంచి
ఏ తప్పూ లేని ఏడు లైన్లను
బియ్యంలో రాళ్ళేరినట్టు ఏరుతోంది.

వచ్చిందమ్మా. చెప్పింది కూడా.
నీదాకా చేరలేదు, అంతే.

పొద్దున పేరేచర్లలో షేర్ ఆటో ఎక్కావు కదా.
కూర్చున్నావు, చిల్లర పిడికిట్లో పట్టుకున్నావు.
కదిలిందా?
పదో మనిషి డ్రైవరు పక్కన
సగం ఒళ్ళు బయటికి వేలాడేసేదాకా
వాడు బీడీ ఆర్పలేదు.
ఇక్కడ హాజరు పిలుస్తున్న నాకు మాత్రం
నువ్వసలు ఇల్లు కదలనట్టే లెక్క.

అక్షరాలూ అంతే. నిండితే కదులుతాయి.
వెనక్కి వాలిన గీత, పక్కన ఎన్ను పెడితే
ఈ తెర మీదికైతే అప్పుడే దిగుతాయి.
ప్రోగ్రాం బుద్ధిగా ముగిస్తే
పోతూ పోతూ అందర్నీ దింపి పోతుంది.
దారిలో బోల్తా పడిందా,
లోపల ఎవరున్నారో ఎవడికీ తెలీదు.

"అసలు ఆగనిదేదీ ఉండదా సార్?"
ఉంది, ఎస్‌టీడీ ఎర్ర్ అని... అంటుండగానే
మిర్చి లారీ వెళ్ళింది.
ముప్ఫైమందీ ఒక్కసారే తుమ్మారు.
అదిగో, అలాంటిది, అన్నాను కళ్ళు తుడుచుకుంటూ.

ఎఫ్‌ఫ్లష్ అని కొట్టింది. బ్రాకెట్లో ఎస్‌టీడీ అవుట్.
ఎంటర్.
ఇక్కడిదాకా వచ్చాను.
తప్పు పంతొమ్మిదో లైనులో ఉంది,
ఎక్కడికీ చూపించని పాయింటరు.
ఆ పిల్ల నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

యార్డులో బస్తాలు మోసే మా అన్న
పెద్దాసుపత్రి వరండాలో, స్ట్రెచర్ మీద,
పెదాలు రెండుసార్లు కదిపాడు.
ఏమీ చెప్పకుండానే పోయాడని
పదకొండేళ్ళుగా అందరికీ చెబుతున్నాను.

బెల్లు కొట్టారు. ఫ్యాన్లు ఆపుతుంటే చూశాను,
సైదాబీ ప్రతి లైను కిందా
ఎఫ్‌ఫ్లష్ పెట్టుకుంటూ పోతోంది,
అక్కర్లేని చోట్ల కూడా.
ప్రోగ్రాం నెమ్మదిస్తుందని చెప్పాల్సింది.
చెప్పలేదు.