ఒంటి గీత

కెరిచోలో వాన మధ్యాహ్నం రెండింటికి వస్తుంది,
మాట తప్పదు.
కంప్యూటరే పొద్దుట్నుంచీ తప్పుతోంది.

మూడో తూకం కేంద్రం, రెండో సభ్యురాలు.
మూడు, అడ్డగీత, రెండు అని కొడతాను.
ఎంటర్ మీంచి వేలు తీసేలోగా
ఫిబ్రవరి మూడు అయి కూర్చుంటుంది.
చెరిపి మళ్ళీ కొడతాను.
మళ్ళీ ఫిబ్రవరి మూడు.

కిటికీ చువ్వల్లోంచి టప్రాందిచ్ ముసలమ్మ తొంగిచూసింది.
నేను పుట్టకముందే ఆమె వేలిముద్ర ఈ సంఘం పుస్తకంలో ఉంది.
"ఫిబ్రవరిలో చిగురే రాదు గదమ్మా,
నన్ను తీసుకెళ్ళి అక్కడెందుకు పెట్టింది?"
ఆమె వెనక బుట్టలు, బుట్టల వెనక గొడుగులు.
కోసిన తేయాకు ఎవరి కోసమూ ఆగదు,
బుట్టలోనే జ్వరం తెచ్చుకుంటుంది.

నైరోబీకి ఫోన్ చేశాను.
నా ఫిర్యాదుకి ఒక నంబరిచ్చారు.
మనిషిని గురువారం పంపుతామన్నారు.
ఇవాళ శుక్రవారం.

పది షిల్లింగుల డేటా వేయించుకుని
అద్దం పగిలిన నా ఫోన్లో వెతకడం మొదలుపెట్టాను.
కంగారులో "నా తేదీలు పాడైపోయాయి" అని రాశాను.
ఖర్జూరాలు చూపించింది.
నల్లవి, తేనెరంగువి, గింజ తీసినవి,
ఎన్నాళ్ళు నిలవుంటాయో కూడా చెప్పింది.
ఇంగ్లీషులో రెండింటికీ ఒకటే మాట,
తప్పు దానిది కాదు.

ఏడుపు తీసేసి
మిగిలింది మాత్రమే రాయాలని అప్పుడు తెలిసింది.
డాక్టరు దగ్గర "ప్రాణం పోతోంది" అనకుండా
"కుడివైపు, అన్నం తిన్న గంటకి" అంటామే, అలాగ.

మొదటి జవాబు నమ్మి వరస మొత్తం అక్షరాల్లోకి మార్చాను.
టప్రాందిచ్
నలభై ఐదు వేల మూడు వందల ఇరవై ఐదు అయిపోయింది.
"ఇప్పుడెక్కడున్నాను?" అంది.
"చాలా దూరం వెళ్ళావవ్వా."
ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

రెండోది ఏదో కొనమంది.
మూడోది ఆపి మళ్ళీ పెట్టమంది.
పెట్టాను, దారిలో గుడి కనిపిస్తే చెయ్యెత్తినట్టు.

నాలుగో చోట
పన్నెండేళ్ళ కిందట, పేరైనా చెప్పని ఎవరో మనిషి
కోడిగుడ్ల లెక్క రాసుకుంటూ నాలాగే ఇరుక్కున్నాడు.
విరుగుడు తనే కనుక్కుని, తనే రాసిపెట్టి పోయాడు.
అంకెకి ముందు, కాస్త పైన, ఒంటి గీత పెట్టండి.
కామా పిల్లంత. అంతే.
ఎందుకు పనిచేస్తుందో నాకూ తెలీదు, అన్నాడు చివర్న.
ఆ మాటకే నమ్మకం కుదిరింది.

పెట్టాను.
మూడు, అడ్డగీత, రెండు.
నిలబడింది.
గీత మాత్రం కనబడకుండా పోయింది,
సాయం చేసి పేరు చెప్పని వాడి లాగే.

ఇక ఒక్కొక్కళ్ళనే వెనక్కి తెచ్చుకోవాలి.
చెమ్‌తాయ్‌ని ఏప్రిల్ నుంచి,
ఆమె తోడికోడల్ని మే నుంచి.
నలభై ఐదో సభ్యుడు అరప్ తోగోమ్
ఏకంగా పందొమ్మిది వందల నలభై ఐదుకి వెళ్ళిపోయాడు.
అప్పటికి వాళ్ళ నాన్నకే పెళ్ళి కాలేదు.
తొంభై ఆరు మంది. తొంభై ఆరు గీతలు.
ఆఖరి బుట్ట తూగేసరికి వాన వెలిసింది, వేలు వాచింది.
టప్రాందిచ్ చీటీ అందుకుని
చదవడం రాకపోయినా చాలాసేపు చూసి
తలగుడ్డ మడతలో దోపుకుంది.

గురువారం మనిషి రానే వచ్చాడు.
ఒడెరో అని, చిన్న కుర్రాడు, బూట్లనిండా బురద.
ఏమైందన్నాడు. ఏమీ లేదన్నాను.
టీ తాగాడు. "పరిష్కరించబడింది" అని రాసి
నా చేత సంతకం పెట్టించుకున్నాడు.
గుమ్మం దాకా వెళ్ళి ఆగి, గొంతు తగ్గించి,
"ఆ గీత ఏ మీట మీదుంటుందండీ?
మా ఆఫీసులో ఒకావిడ
జూన్‌లో ఇరుక్కుపోయింది" అన్నాడు.