సున్నం తడిస్తే

ఉప్పలయ్య పత్తి మిల్లు గోడ
ములుగు రోడ్డు మీదికి నలభై రెండడుగులు.
నా బతుకంత దాని మీదనే రాసిన,
కింద మూలకు చిన్నగ: కొమ్రెల్లి ఆర్ట్స్.

ఫ్లెక్సీలు వచ్చినంక కుంచెలు డబ్బాలనే ఎండినయ్.
నిచ్చెన అటకెక్కి పదేండ్లు.
మొన్న హన్మకొండ నుంచి హర్షిత మేడం ఫోను:
"గోడరాతలే కావాలి అంకుల్, మట్టివాసన రావాలి."
కంపెనీ పేరు చేను ముచ్చట.
ఫోన్ల ఉంటదట, అడిగితే చెప్తదట,
తెగులో, ధరో, వానో, బ్యాంకు లోనో.
నేను రాసేటియి మూడే మాటలు, ఆరడుగుల ఎత్తు:
అడగండి. అన్నీ తెలుసు.

గీకుడుపట్టె పెట్టంగనే
పొరలు పొరలుగ రాలింది నా సంపాదన.

పైపొర: తొంభై రోజుల్ల కంప్యూటరు, నూటికి నూరు నౌకరి.
ఆ పిలగాండ్లల్ల ఒకడు ఇప్పుడు కాజీపేట స్టేషన్ కాడ
ఫోన్లకు గ్లాసులు అతికిస్తడు. చెయ్యి మాత్రం మంచి సాఫు.
దాని కింద చిట్టీల కంపెనీ, నవ్వుకుంట లక్ష్మీదేవి,
ముక్కు నేను సరిగ్గ దించలే.
షట్టరు పడ్డనాడు జనం ఆ ముక్కు మీదికే రాళ్లేసిండ్రు.
ఇంకా కింద ఆకుపచ్చ:
పత్తి ఇత్తనాలు. ఎకరానికి పదిహేను క్వింటాళ్లు.

అక్కడ గీకుడు ఆపిన.

ఆ రంగుల గోందు బాగ కలిపిన.
కొత్తగ పెండ్లయినోన్ని, పనంటె పానం.
రెండు ఫర్లాంగుల దూరం కనవడాలె అన్నడు ఏజెంటు.
కనవడ్డది. మా బావ పెరుమాండ్లుకు గూడ కనవడ్డది.
"రాసింది మన కొమ్రెల్లే గదా" అని
ఆరు సంచులు ఎత్తుకపోయిండు.
చెట్లు నడుమెత్తు పెరిగినయ్. కాయ పట్టలే.
ఆయన నన్నేమనలే. ఏమన్న అంటె బాగుండు.
ఆ దసరకు జమ్మి చేతిల పెట్టి అలాయ్ బలాయ్ తీసుకుంట గూడ
నా మొకం దిక్కు కాదు, నా వేళ్ల దిక్కు చూసిండు.

పగటి తిండి కాడ మేడం తన ఫోను నాకిచ్చింది.
"మీరే అడగండి."
అడిగిన: గోడకు చెమ్మ ఉన్నది, సున్నం మీద ఏ రంగు ఆగుతది?
"చాలా మంచి ప్రశ్న!" అన్నది.
ఇన్నేండ్ల పనిల ఆ మాట నన్నెవ్వలు అనలే,
లోపల జరంత సంబురమైంది గూడ.
ఆయిల్ పెయింటు వెయ్యమన్నది.
చెమ్మకు అది పొక్కులు లేస్తది గద తల్లీ, అన్న.
"క్షమించండి. మీరు చెప్పిందే నిజం."
కాదు కాదు, నాదే తప్పు, ఆయిలే మంచిది, అన్న.
"అవును, మీరు సరిగ్గా చెప్పారు."
పెండ్లిళ్ల పేరయ్య గూడ ఇంత జల్ది మాట మార్చడు.

అబద్ధమెందుకు,
మా ఆమె మందు డబ్బ మీది సన్న అక్షరాలు
రాత్రి నా ఫోన్ల అసొంటిదే సదివి పెట్టింది,
తిన్నంక వేసుకోవాల్నో, తినకముందో.
పనికిరాదని నేనంటలే.
గా 'అన్నీ' అనే మాట మటుకు దానిది కాదు.
అది అమ్మెటోని నోట్ల పుట్టి
నాసొంటోని కుంచెల ఆరడుగులు పెరుగుతది.
'తెల్వదు' అని రాయమని
ఇప్పటిదాక ఒక్క కంపెనీ నాకు బయానా ఇయ్యలే.

రాసిన. పైసలు తీసుకున్న.
సున్నం రెండు కోట్లు, మీద నీలిరంగు.
కింది మూలకు వచ్చేసరికి
కుంచె కడుక్కున్న.

మిరుగం నాడు వాన దంచింది.
సున్నం తడిస్తే అద్దమైతది, పనోళ్లకు ఎరుకే.
నీలి అక్షరాల సందులకెల్లి
ఆకుపచ్చగ లేచింది పదిహేను క్వింటాళ్లు.
ఇత్తనాల సంచులు బండికి కట్టుకొని పోయేటాయన ఒకడు
కాలు కిందబెట్టి, నెత్తి మీద తువ్వాలతోని,
రెండూ కలిపి సదువుతున్నడు.

హర్షిత మేడం ఫోను:
"అంకుల్, పాతది కనిపిస్తుందట, ఇంకో కోటు వేస్తారా?"

ఎండితే పోతది మేడం, అన్న.
తడిసినప్పుడే కనవడతది.