పాటు మీద గీసిన పటం

నెల్లూరు ఆఫీసు, రెండో అంతస్తు.
పన్నెండు రంగుల సూచిక నా చేతికిచ్చారు.
ఇళ్లకు పసుపు, అంగళ్లకు నీలం,
ఫ్యాక్టరీలకు ఊదా, పార్కులకు పచ్చ.
బురదకు రంగు లేదు.
"తెల్లగా వదిలెయ్, ఖాళీనే గదా"
అన్నాడు సూపర్‌వైజరు,
ఎగురుతున్న పటం అంచు మీద టీ గ్లాసు పెట్టి.

అట్లా కండలేటి పాయ పక్కన
నాలుగు వందల ఎకరాల తెలుపు.
దాని మీద అరవై అడుగుల రోడ్డు
నేనే గీశాను, స్కేలు పెట్టి,
చెయ్యి వణక్కుండా.

ముత్తుకూరులో అభ్యంతరాల రోజు
ఎవరొస్తార్లే అని పది కుర్చీలే వేయించాం.
మానికల అంకమ్మ వచ్చింది,
నడుముకు పీతల బుట్ట, మోకాళ్ల దాకా ఆరిన బురద.
కూర్చోలేదు.
నేల మీద పరిచిన పటం చుట్టూ
ఒకసారి తిరిగి అడిగింది:

"ఏ పొద్దు కొలిచారయ్యా దీన్ని?
పోటు మీదా, పాటు మీదా?"

రిజిస్టరు తిరగేశాం.
తేదీ ఉంది. సర్వేయరు సంతకం ఉంది.
నీళ్లెక్కడున్నాయో రాసే గడి లేదు.

"పాటు మీద వచ్చుంటారు," అంది తనే.
"నీళ్లు బయటికి పొయ్యుంటాయి.
ఇంట్లో మనిషి సంతకు పోతే
ఇల్లు ఖాళీ అని రాసుకుంటారా?"

విలువ గడిలో సున్నా చూపించాడు అధికారి.
ఆమె బుట్టలో చెయ్యి పెట్టి
నారతో కట్టిన మండపీతను తీసి
ఆ సున్నా మీద పెట్టింది.
అది కళ్లు మాత్రం పైకెత్తి
మమ్మల్నందర్నీ చూసింది.
నవ్వారు. నేనూ నవ్వాను.

అమావాస్యకు సెలవు పెట్టి వెళ్లాను.
ఆమె ముందు, నేను వెనక, చెప్పులు చేతిలో.
మడచెట్ల వేళ్లు మొలల్లా గుచ్చుకుంటుంటే
"చూసి నడువు, వాటి ముక్కులవి" అంది.
పోటు చప్పుడు చెయ్యకుండా వచ్చింది.
ముందు పీతబొక్కల్లో బుడగలు,
తర్వాత వేలెడు కొయ్యింగ పిల్లలు,
తర్వాత నా మోకాళ్లు.
నా అరవై అడుగుల రోడ్డు మధ్యలో
నడుంలోతు నీళ్లలో నిలబడ్డాను.

రెండేళ్ల కిందట మేం పాతిన రాయి
గరుగ్గా చేతికి తగిలింది.
ఆఫీసు నంబరు దొరకలేదు.
ఒళ్లంతా ఆలిచిప్పలు, అంగుళం వదలకుండా.

సోమవారం పటం తెరిచాను.
సున్నా చుట్టూ పీత కాళ్ల మరక
ఎండిపోయి ఉంది.
సూచికలో పదమూడో గడి గీసి
ఆ రంగు కలపాలని
పొద్దుటినించి తంటాలు పడుతున్నాను.
కుదరడం లేదు.
ప్రతిసారీ కాస్త నీళ్లెక్కువవుతున్నాయి.