చీపురు కింద అన్నం

అమ్మ చెయ్యి విరిగి ఇది పదకొండో రోజు.
సిదెమెన్‌లో వాన తెరిపివ్వలేదు,
అగుంగ్ కొండ మబ్బులోంచి బయటికే రాలేదు.
హోటల్లో నలభై రకాల అన్నం వండే నేను
ఇంట్లో రెండు గుప్పిళ్ళ బియ్యం ఉడికించి
గరిటె పట్టుకుని నిలబడిపోయాను.
సైబాన్ పెట్టనిదే ఈ ఇంట్లో ఎవరూ తినరు.
ముప్పై ఏళ్ళు తిన్నాను,
అది ఎక్కడెక్కడ పెడతారో చూడలేదు.

అరటాకు ముక్కలు ఐదు, తపాలా బిళ్ళలంత.
చాకు వద్దు, గోటితో చీల్చు, అంది మంచం మీంచి.
నాలుగు మెతుకులు, రవ్వంత ఉప్పు.
అంతకు మించితే దేవుడికి కాదు లాంద్రా, నీ గొప్పకి.

"పొయ్యి మీద ఒకటి."
గ్యాసు పొయ్యమ్మా.
"నిప్పు నిప్పే."
"నీళ్ళ కుండ దగ్గర."
కుండ ఎక్కడుంది, కొళాయేగా.
"రోటి దగ్గర."
రోట్లో కోడి గుడ్లు పెడుతోంది. మిక్సీ మీద పెట్టనా?
కాసేపు ఆలోచించింది.
"పెట్టు. దానికీ పళ్ళున్నాయిగా."

నాలుగోది కూరలు తరిగే చెక్క మీద.
ఐదోది చీపురు కింద.
అక్కడ నా చెయ్యి ఆగింది.
చీపురు కిందా, అన్నమా?

"ఎత్తి చూడు."
చీమల బారు.
గోడ పగులు నుంచి గడప దాకా
తెగుతూ, అతుక్కుంటూ.
"రోజూ మనం ఊడ్చేది వాళ్ళనే.
కాలుస్తాం, ముంచుతాం, నూరుతాం, తరుగుతాం.
ఐదు చోట్ల చంపితే గాని
ఒక్క ముద్ద నోటి దాకా రాదు.
కంచం ముందు కూర్చోబోయే ముందు
ఆ ఐదిళ్ళకీ వెళ్ళి రావాలి.
క్షమించమని కాదు.
మాకు తెలుసు అని చెప్పడానికి."

ఆకు పెట్టాను.
చీమలు వచ్చాయి, గదంతా వచ్చాయి.
ఇన్నిటిని పిలిచాక ఇప్పుడు ఊడ్చేదెలా అమ్మా?
నవ్వింది. కట్టు కదిలి మూలిగింది. మళ్ళీ నవ్వింది.
"అందుకేగా రేపు మళ్ళీ పెట్టడం."

రాత్రి పదకొండింటికి బఫే మూతలు తీసి
నీలం బకెట్‌లో బోర్లిస్తాం.
పొగలింకా పోని అన్నం.
దానికి ఆకు ముక్క ఎవరూ చింపరు.
ఆ సంగతి అమ్మకి చెప్పలేదు.

నాన్న బూడిద సనూర్ దగ్గర సముద్రంలో కలిపాం.
ఏడాది పాటు అమ్మ చేప ముట్టలేదు.
రెండో ఏడు ఒక పొద్దున మూరెడు చేప తానే కొనుక్కొచ్చి
పసుపు రాసి, ఆకులో చుట్టి కాల్చి,
ముళ్ళు తీసి నా కంచంలో పెట్టింది.
ఏమీ అనలేదు.
నేనూ అడగలేదు.
మెల్లగా నమిలాను.

ఇవాళ అన్నం అడుగంటింది.
ఎడం చేత్తో తినడం ఆమెకి చేతకాదు,
ముద్ద కలిపి నేనే నోటి దాకా తీసుకెళ్ళాను.
"ఐదూ అయ్యాయా?"
అయ్యాయి.
నోరు తెరిచింది.
పొయ్యి దగ్గర చెయ్యి పెట్టినట్టు
ఆమె ఊపిరి వేళ్ళకి వెచ్చగా తగిలింది.

కోడి లోపలికొచ్చి
మిక్సీ మీది ఆకు లాక్కుపోయింది.
ఎవరం అదిలించలేదు.