రేగుచెట్టు స్టేజీ

కొండమల్లేపల్లి దాటినంక
ఎడమదిక్కు బస్సాపుమన్న.
లింగస్వామన్న అద్దంలకెళ్లి చూసిండు.
"ఈడ స్టాపెక్కడిది సక్కుబాయ్?"
స్టాపు లేదన్నా, రేగుచెట్టుంది.

టికెట్ల సంచి సీట్ల పెట్టి
ఖాకీ చేతులు పైకి మడిచి దిగిన.
కిటికీలన్నీ తలకాయలైనయి.
"కోర్టు వాయిదా ఉందమ్మా నాకు" అన్నడొకాయన.
"ముండ్లకంప ఎందుకే బిడ్డా?" అన్నదొకామె.
తీజ్‌కు, అన్న.
ఆమెకు తెల్వలే. చెప్పేంత టైము నాకు లేకపాయె.
ఎనుక సీటుల ఎర్ర రుమాలు చుట్టుకున్న తాత
ఏం అడగకుంట దిగిండు, కొడవలి పట్టుకొని.
నేను పట్టుకున్న కొమ్మను ఇడిపించి
ఇంకో కొమ్మ కోసిండు.
"ముల్లు గట్టిగుండాలె, లేకుంటే శెనగ నిలవదు."
నల్లగొండ దాంక ఆ కంప
ఇంజన్ డబ్బా మీద కూసొని వచ్చింది.
దానికి టికెట్ కొట్టలే.

తండాలైతే ఊరంతా ఒక్కటే మంచె.
ఈడ మాది కిరాయిల్లు, పైన డాబా,
డాబా మీద అండాలమ్మ ఆరేసిన వడియాలు.
"బుట్టలు పెట్టుకోరి, నా ట్యాంకు నీళ్లు మాత్రం ముట్టకుండ్రి."
సరే అన్నం.
నల్లమట్టి, మేకపెంట, గుప్పెడు గోధుమలు,
ఐదు బుట్టలు, ఐదుగురు ఆడపిల్లలు.
డిపోల పనిచేసేటోళ్ల పిల్లలు ముగ్గురు,
నర్సు హాంజీ బిడ్డ,
మా మౌనిక.
బిందెలతోని బోరింగు కాడికి పోయి తెచ్చిండ్రు నీళ్లు.

పాటలు ఒక్కదానికీ రావు.
మా యాడికి ఫోన్ కలిపి స్పీకర్ల పెట్టిన.
తండాల సిగ్నలు గుట్ట ఎక్కితేనే వస్తది.
ముసలిది గుట్టెక్కి పాడింది.
గాలి సగం తీసుకున్నది.
మధ్యల తెగిపోయిన కాడ
పిల్లలు "లా లా" అని కుట్లేసుకున్నరు.
మూడోనాటికి ఆ "లా లా" కూడా పాటల కలిసిపోయింది,
ఇప్పుడు యాడి అసలుది పాడితే తప్పంటున్నరు.

నాలుగోనాడు అండాలమ్మ మనుమరాలు
చెంబు పట్టుకొని నిలవడ్డది మెట్ల కాడ.
నేను గాబరా పడి మళ్ల ఫోన్ చేసిన.
మనోళ్ల పిల్ల కాదు, పొయ్యొచ్చునా యాడీ?
చానసేపు గాలే వినబడ్డది.
"చేతులు కడుక్కోమను" అన్నది.
ఆ పొద్దు అండాలమ్మ ట్యాంకు నల్లా
తనే ఇప్పింది.

రేగుముల్లుకు నానిన శెనగ గుచ్చే రోజు
మా తరుణ్ గానికి డ్యూటీ దొరికింది.
అక్క గుచ్చుతుంటే కొమ్మ ఊపాలె, నవ్వియ్యాలె,
తిట్టినా పోవద్దు.
ఏడాదంతా దేనికైతే దెబ్బలు తింటడో
అదే పని చెయ్యమని అమ్మ చెప్పేసరికి
వాడు నమ్మలే. రెండుసార్లు అడిగిండు.
మౌనిక వేలికి ముల్లు గుచ్చుకున్నది,
శెనగలు డాబా అంతా ఉరికినయి,
నర్సు బిడ్డ నవ్వి నవ్వి ఎక్కిళ్లు పెట్టింది.

పోయినేడు బళ్లె ఏందో వేషాల పోటీ.
అంగట్ల కిరాయి లంగా తెచ్చిన, కాయితపు అద్దాలు.
మా పెట్టెల నిజం అద్దాల ఫేటియా ఉండంగనే.
ఎందుకు తియ్యలేదో ఇప్పటికీ చెప్పుకోలేను.
ఈసారి తీసిన. నడుము కాడ రెండు మడతలేసి కుట్టిన.
"బరువుందమ్మా" అన్నది, ఇప్పలేదు.

ఎనిమిదోనాడు అర్ధరాత్రి
నిద్రల నుంచి పిలిచింది:
"యాడీ, పాణీ."
ఎన్నడూ అట్ల అడగలే.
చెంబు ముంచుకొని లేచిన గని
దానికా, బుట్టలకా అని
చీకట్ల కొంచెంసేపు నిలవడ్డ.

పానగల్లుకు రెండు ఆటోలు.
నీళ్లల్ల వదిలే ముందు
నాలుగు మొలకలు తుంచి దాచిన.
ఒకటి లింగస్వామన్న జేబుల పెట్టిన.
"నాకెందుకు?" అన్నడు, తియ్యలేదు.

సోమవారం, అదే బస్సు.
ఎర్ర రుమాలు తాత ఎక్కి
పది రూపాయల నోటు చాపిండు.
"ఏడికి?"
"రేగుచెట్టు కాడికి."
మిషన్ల ఆ పేరు లేదు.
ముందు స్టేజీకి కొట్టిచ్చి
విజిలేసిన.