విప్

కొమ్ము రాసిన పొడి నోటుబుక్కు మీద పడుతోంది.
పర్లాకిమిడిలో కరెంటు పోయింది.
ఆకురాయి ఆపకుండానే ఉదయనాథ్ మహారణా అడిగాడు:
"బె ఎక్కడ పెట్టాలి గురూ?"

క్లింగాన్‌లో కాదనే ముక్క అది.
దేని వెనక నక్కితే దాన్నే కాదంటుంది.
మెజ్ అంటే వెళ్ళు. విప్ అంటే జంకు
(నా చెవికి మాత్రం ముడి విప్పమన్నట్టుంటుంది).
మెజ్‌విప్‌బె, వెళ్ళడానికి జంకడు.
మెజ్‌బెవిప్, వెళ్ళకుండా ఉండడానికే జంకు.
మన రాలేనుకీ రాకుండా ఉండలేనుకీ ఉన్నంత దూరం.

"మరి, నేను జంకుతున్నా అనాలంటే?"

వ్యాకరణం ఒప్పుకుంటుంది,
ఆ యోధుల నోరే ఒప్పుకోదు.
నువ్వు అనొచ్చు, వాడు అనొచ్చు.
నేను అనకూడదు.

"మీ తెలుగులో?"
అనొచ్చు.
మా ఇంట్లో ఎవరూ అనగా వినలేదు గాని.

సగం చెక్కిన కొంగకి ఇంకా కాళ్ళు రాలేదు.
రేపు బరంపురం పెద్దాసుపత్రిలో
అతని గొంతులోని గడ్డకి పేరు చెబుతారు.

కొవ్వొత్తి నా వైపు జరిపి
"బిమెజ్‌విప్" అన్నాడు.
వెళ్ళడానికి జంకుతున్నావు, నువ్వు.

ప్రత్యయాలన్నీ సరిగ్గా కుదిరాయి.
పురుష ఒక్కటే తప్పు.

దిద్దలేదు.
ఐదింటి బస్సుకి రెండు టిక్కెట్లు తీశాను.