తరుగు

ఆదోనిలో జిన్నింగ్ మిల్లు పైన మా ఆఫీసు.
కిటికీ తీస్తే కీబోర్డు మీద నూగు.

పెద్దాఫీసు ఉమ్మడి రూల్సు
ఒక్క లైనుతో తెచ్చుకున్నాం:
వాడని పేరు ఉంచొద్దు, గీత దాటొద్దు.
మంచివే.
క్వింటాలుకు రెండు కిలోలు
ఎందుకో చెప్పకుండా కోసే చెయ్యి
వాటికి తెలీదు, అంతే.

అడుగున మాబున్ని సొంతంగా ఒకటి చేర్చింది:
తరుగు అని ఉన్న చోట
పక్కనే కారణం లేకుంటే
హెచ్చరిక కాదు, తప్పు.

నలభై ఒక్క ఎర్ర గీతలు.
అందులో పదకొండు నావి.

"ఆ రూలు ఆపే కామెంటు ఉంది గదా మే"
అన్నాడు ఉరుకుందు.
"ఉంది. దానికీ కారణం రాయాల."

కింద కాటా దగ్గర
ఎవరో దగ్గుతాండారు.
మొదటి గీత మీద కర్సరు పెట్టుకొని కూచున్నా.
సేటు చెప్పినాడని రాస్తే
కారణం కిందికొస్తాదా?